పోర్ట్ మోర్స్‌బీలో కొన్న సింగ్‌సింగ్ బస్సు పెయింటింగ్

పాపువా న్యూ గినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ క్రాఫ్ట్ మార్కెట్లో బొమ్మల్ని కంచెకి వేలాడదీస్తారు. మిగతావి నేల మీద పరిచి మూలల్లో రాళ్లు పెడతారు. గీసినవాళ్లే పక్కన కూర్చుని అమ్ముతారు. సగానికి పైగా ఒకటే సరుకు: బర్డ్ ఆఫ్ ప్యారడైజ్ పక్షులు, అసారో తెగవాళ్ల మట్టి ముసుగులు, హులీ తెగవాళ్ల జుట్టు విగ్గులు. టూరిస్టుల కోసం గీసీ గీసీ చేతికి అలవాటైపోయినవి. బాగానే ఉంటాయి, అంతే.

నేను తీసుకున్నది వేరే రకం. సింబు ప్రాంతం నుంచి వచ్చి మోర్స్‌బీలో ఉంటున్న ఒకాయన వేసింది. కాన్వాసు మీద యాక్రిలిక్, వెడల్పు మీటరుకి కాస్త ఎక్కువ. బొమ్మలో ఉన్నది ఒక పీఎంవీ, అంటే జనాన్ని ఎక్కించుకు తిరిగే బస్సు. అందరూ సింగ్‌సింగ్‌కి, అంటే ముస్తాబై ఆడిపాడే పండగకి బయల్దేరారు. తలల మీది ఈకలు కిటికీల్లో పట్టక బయటికొచ్చేశాయి. డ్రైవరు మెడలో పెద్ద కినా చిప్ప, అంటే ముత్యపు చిప్ప. ఒకావిడ నుదుటి నుంచి వీపు మీదికి వేలాడే బిలుమ్ సంచిలో చంటిపిల్ల, చేతిలో సెల్‌ఫోన్!

దగ్గరికెళ్లి చూస్తే అసలు పనితనం తెలుస్తుంది. బిలుమ్ అల్లికలో ముడి ముడికీ సన్నటి గీత ఉంది. కుందు డోలు మీద బల్లి తోలుకి చుక్కలు పెట్టాడు సరే, శ్రుతి కోసం తోలుకి అంటించే మైనం ఉండల్ని కూడా వదల్లేదు. డోలు వాయించినవాడికే తట్టే సంగతి అది.

ఈ దారి వేసినవాడు సింబు చిత్రకారుడు మథాయస్ కౌవాగే. 2003లో పోయాడు. హెలికాప్టర్లు, విమానాలకి కూడా పండగ రంగులు పూసిన మనిషి. సంప్రదాయం ఊళ్లోనే ఉండాలి, కార్లూ బస్సులూ ఫ్రేములో పడకూడదు అనే టూరిస్టు చాదస్తం ఈ బొమ్మల్లో లేదు. నాకు నచ్చింది అదే.

నా బస్సు బొమ్మ గీసినాయన 550 కినా చెప్పాడు (ఇక్కడి డబ్బు పేరు కూడా కినాయే). ఇక్కడ గీచి గీచి బేరమాడటం మర్యాద కాదు. ‘సెకండ్ ప్రైస్’ ఎంత అని ఒక్కసారి అడగొచ్చు. అడిగాను, 450 అన్నాడు, ఇచ్చేశాను. ఫొటో తీసుకోనిచ్చాడు, వెనక సంతకం పెట్టి ఊరి పేరు కూడా రాశాడు.

లోపం ఒకటుంది, చిన్నది కాదు. కాన్వాసు అంచు దాకా రంగేశాడు. ఫ్రేముకి లాగి కట్టడానికి మార్జిన్ లేదు. ఫ్రేములవాడు చుట్టూ గుడ్డ పట్టీ అతికించాల్సి వచ్చింది, దానికి వేరే డబ్బులు. కొనేముందు నాలుగు వైపులా రెండంగుళాల ఖాళీ ఉందో లేదో చూసుకోండి. చుట్టేటప్పుడు రంగు వైపు బయటికి ఉండాలని చెప్పండి, లోపలికి చుడితే ముడతలు పడతాయి.

వేరే దేశం తీసుకెళ్లేదుంటే నిజం ఈకలు అంటించిన బొమ్మల జోలికి పోకండి. బర్డ్ ఆఫ్ ప్యారడైజ్ ఈకలు దేశం దాటించడం చట్టవిరుద్ధం, ఎయిర్‌పోర్టులో ఆ టెన్షన్ ఎందుకు? రంగుతో వేసిన ఈకలకైతే ఏ గొడవా లేదు.