పాత లేజరా, పాత ఎంటర్‌ప్రైజా? క్లబ్బు రేసులకి ఏది మేలు

బ్రిటన్‌లో స్థిరపడి, ఇంటి దగ్గర్లోని రిజర్వాయర్ సెయిలింగ్ క్లబ్బులో చేరి, క్లబ్బు పడవల మీద ఒక వేసవంతా చెయ్యి తిప్పుకున్న మనవాళ్ళు తరవాత అడిగేది ఎక్కువగా ఒకటే ప్రశ్న. "అన్నా, సొంతంగా ఒక పాత పడవ కొందామనుకుంటున్నా. లేజర్ తీసుకోనా, ఎంటర్‌ప్రైజ్ తీసుకోనా?" ఉగాది సంబరాల్లో ఒకతను పులిహోర ప్లేటు పక్కన పెట్టి ఫోన్లో రెండు ప్రకటనలు చూపించాడు. ఒకటి ఎండకి వెలిసిపోయిన తెల్లటి లేజర్. ఇంకోటి వార్నిష్ అక్కడక్కడ పొట్టు లేచిన కొయ్య ఎంటర్‌ప్రైజ్. రెండూ కొన్ని వందల పౌండ్లే. నేనూ ఈమధ్యనే ఇదే తర్జనభర్జన పడి ఒకటి కొన్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

రెండు పడవలూ మీకు తెలిసినవే. లేజర్ కెనడాకి చెందిన బ్రూస్ కర్బీ గీసింది. 1971లో న్యూయార్క్ బోట్ షోలో జనం ముందుకొచ్చింది. నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు, 59 కిలోల ఫైబర్ పడవ, ఒక మనిషి, ఒక తెరచాప. లోకంలో రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. 2019 నుంచి పోటీల్లో దాని పేరు ఇల్కా. పెద్ద తెరచాపతో ఇల్కా 7, మధ్యది 6, చిన్నది 4. క్లబ్బుల్లో మాత్రం ఇంకా లేజర్ అనే అంటారు. ఎంటర్‌ప్రైజ్ వయసులో పెద్దది. 1956లో న్యూస్ క్రానికల్ పత్రిక అండతో జాక్ హోల్ట్ రూపకల్పన చేసింది. ఇద్దరు నడిపేది, ప్లైవుడ్ పలకలు వంచి కట్టేది, లేత నీలం తెరచాపలది. ప్రచారం కోసం అప్పట్లో నడి చలికాలంలోనే రెండు పడవల్ని ఇంగ్లిష్ ఛానల్ దాటించారు. మన దేశానికీ ఇది కొత్త కాదు. ఖేల్ రత్న అందుకున్న హోమీ మోతీవాలా, పి.కె. గార్గ్ జట్టు నడిపింది ఎంటర్‌ప్రైజే. వానాకాలంలో హుస్సేన్ సాగర్ మీద రేసులు చూసినవాళ్ళకి లేజర్ గురించి నేను చెప్పక్కర్లేదు.

ముందు మనుషుల సంగతి. లేజర్‌కి తోడు అక్కర్లేదు. ఆదివారం పొద్దున లేచి గాలి బాగుందనుకుంటే చాలు, పావుగంటలో మాస్ట్, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభం, నిలబెట్టి నీళ్ళలోకి దిగొచ్చు. పిల్లవాడికి జ్వరమొచ్చి జతగాడు రాలేదన్న బాధ ఉండదు. ఇది చిన్న విషయం కాదు. క్లబ్బు పడవల షెడ్డులో గడ్డి మొలిచి పడున్న ఇద్దరు మనుషుల పడవలన్నీ ఒకప్పుడు జతగాడు దొరక్క ఆగిపోయినవే. అయితే బరువు చూసుకోండి. ఇల్కా 7 తెరచాపకి డెబ్భై అయిదు, ఎనభై కిలోల మనిషి కావాలి. మనలో అరవై, అరవై అయిదు కిలోల వాళ్ళు చాలామంది. గాలి గట్టిగా వీచినప్పుడు అంచు మీద ఎంత వెనక్కి వాలినా పడవ మాట వినదు. వాళ్ళకి ఇల్కా 6 తెరచాపే సరి. పడవ అదే, కింది మాస్ట్ ముక్కా తెరచాపా మారతాయి. ఎంటర్‌ప్రైజ్‌లో ఇద్దరి బరువూ కలిపి నూట ఇరవై, నూట ముప్ఫై కిలోలుంటే హాయిగా నడుస్తుంది. అంటే భార్యాభర్తలో, తండ్రీ ఎదిగిన కూతురో సరిపోతారు. వెనక కూర్చున్నవాళ్ళు చుక్కాని చూసుకుంటారు, ముందున్నవాళ్ళు జిబ్, అంటే ముందుండే చిన్న తెరచాప, లాగుతూ గాలి ఎటు తిరుగుతోందో చెబుతుంటారు. రేసు నేర్చుకోడానికి ఇంతకంటే మంచి బడి లేదని నా నమ్మకం.

ఇక హ్యాండిక్యాప్. మన క్లబ్బుల్లో రకరకాల పడవలు కలిసి బయల్దేరతాయి కాబట్టి పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అనే పట్టికలో ఆ రకం పడవకిచ్చిన అంకెతో సమయం సరిచేస్తారు. పట్టిన సెకన్లని వెయ్యితో గుణించి ఆ అంకెతో భాగిస్తారు. లేజర్ అంకె 1100 దరిదాపుల్లో ఉంటే, ఎంటర్‌ప్రైజ్‌ది 1120 పైచిలుకు. గంట రేసులో లేజర్ కంటే ఎంటర్‌ప్రైజ్ ఒక నిమిషం వెనక వచ్చినా సమానమే. కాబట్టి "లేజర్ వేగం కదా" అన్న లెక్క పనికిరాదు. పనికొచ్చే లెక్క వేరే ఉంది. ఆ అంకెకి పడవ వయసు తెలియదు. నలభై ఏళ్ళ లేజర్‌కీ, కిందటేడు కొన్న లేజర్‌కీ ఒకటే అంకె. ముసలి పడవ అని ఎవరూ ఒక్క సెకను కూడా తగ్గించరు. అంటే పాత పడవ కొనేవాడు అడగాల్సింది, దీన్ని కొత్తదానంత గట్టిగా, అంత తేలిగ్గా మళ్ళీ చెయ్యగలనా లేదా అని. నా దృష్టిలో మొత్తం నిర్ణయం ఈ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంది.

లేజర్‌కి వయసు ఎలా మీదపడుతుందో చూడండి. పై డెక్కు, కింది హల్, అంటే పడవ ఒళ్ళు, రెండూ వేరుగా పోసి అంచుల దగ్గర అతికిస్తారు. లోపలంతా మూసేసిన గుల్ల. డెక్కులో రెండు పల్చటి ఫైబర్ పొరల మధ్య నురగ పలక ఉంటుంది. ఏళ్ళ తరబడి దాని మీద కూర్చుని, వాలి, మోకాళ్ళ మీద లేస్తుంటే ఆ నురగ పొరల నుంచి విడిపోతుంది. కాళ్ళు పెట్టుకునే గుంట, అదే కాక్‌పిట్‌కి రెండు పక్కలా, దాని ముందు, బొటనవేలితో గట్టిగా నొక్కండి. గట్టి పడవ నొక్కుడుకి లొంగదు. అలిసిపోయిన పడవ చిన్నగా దిగి, చిటుక్కున పైకొస్తుంది. ఆ చిటుకు వినిపించిందంటే ఆ డెక్కు మళ్ళీ పాత గట్టిదనానికి రాదు. రెజిన్ ఎక్కించి కొంత బిగించొచ్చు గానీ బరువు పెరుగుతుంది.

రెండోది మాస్ట్ దిగే గొట్టం. మాస్ట్ ఊగినప్పుడల్లా దాని మొదలు ఆ గొట్టం అడుగుని అరగదీస్తుంది. కొనేముందు ఆ గొట్టం నిండా నీళ్ళు పోసి, నీటి అంచు దగ్గర పెన్సిల్ గీత పెట్టి, యజమానితో ఒక టీ తాగి రండి. నీరు గీత కిందికి దిగితే లోపలికి కారుతోందన్నమాట. ఈ రోగానికి మాత్రం మందుంది. డెక్కులో గుండ్రటి మూత బిగించుకోడానికి లేజర్ తరగతి రేసు నియమాలు ఒప్పుకుంటాయి. దాంట్లోంచి చెయ్యి పెట్టి గొట్టం చుట్టూ ఎపాక్సీ జిగురు వేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఆ తరవాత పడవని పక్కకి ఎత్తి, కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని ఆడించినట్టు ఆడించి చూడండి. లోపల గలగల వినిపిస్తే ఆ నీరు ఎంతకాలంగా ఉందో చెప్పడం కష్టం. వీలైతే వేలాడే తూకం తీసుకెళ్ళండి. 59 కిలోల పడవ 66 తూగిందంటే ఆ ఏడు కిలోలూ ప్రతి మలుపులోనూ మీరు మోస్తారు.

పై మాస్ట్ ముక్కలో రివెట్ చుట్టూ అల్యూమినియం తినేసిందేమో చూడటం, డ్రెయిన్ మూత వాషర్ చూడటం లాంటివి చిన్న పనులు. విడిభాగాలు కొత్తవి ఎక్కడైనా దొరుకుతాయి. లేజర్ అసలు బలం అదే. ఏది విరిగినా అచ్చం అలాంటిదే వారంలో ఇంటికొస్తుంది. విరగకుండా అలిసిపోయిన హల్‌కి మాత్రం మారు దొరకదు. నియమాల ప్రకారం దాని రూపం మార్చకూడదు, కొత్త పొర వెయ్యకూడదు. కాబట్టి లేజర్ హల్ ఒకసారి మెత్తబడితే దాని రేసు జీవితం చాలామటుకు ముగిసినట్టే.

కొయ్య ఎంటర్‌ప్రైజ్ దీనికి తలకిందులు. దీన్ని చూస్తేనే భయపడేవాళ్ళున్నారు. భయం ఊరికే రాలేదు, చెక్క చీకుతుంది. పైగా మన రిజర్వాయర్లలో మంచినీళ్ళు. సముద్రపు నీళ్ళలో ఉప్పు బూజుని కొంత ఆపుతుంది, వాన నీళ్ళు ఆపవు. అసలు ఈ పడవల్ని చంపేది సెయిలింగ్ కాదు. చలికాలమంతా కవరు కింద నిలిచిన వాన నీరు.

కానీ ఆ రోగం కంటికి కనిపిస్తుంది. ఎంటర్‌ప్రైజ్ లోపల మూసి ఉన్నది చాలా తక్కువ. పలకలు, అడ్డ పట్టీలు, పడవ పక్కకి జారకుండా నీళ్ళలోకి దింపే సెంటర్‌బోర్డ్ పలక పెట్టె, అన్నీ ఎదురుగానే ఉంటాయి. మొద్దు స్క్రూడ్రైవర్ ఒకటి, చిన్న టార్చి ఒకటి పట్టుకెళ్ళండి. పడవ వెనక పలక కింది మూలలు, సెంటర్‌బోర్డ్ పెట్టె వెన్ను చెక్కతో కలిసే చోటు, మాస్ట్ తీగలు బిగించిన పట్టీల వెనక భాగం, నేల పలకల కింద నీరు నిలిచే మూలలు, ముందు ఈ నాలుగు చోట్లా నొక్కండి. మంచి చెక్క మీద స్క్రూడ్రైవర్ జారుతుంది. చీకిన చెక్కలో తడి బిస్కట్ లోకి దిగినట్టు దిగబడుతుంది. వార్నిష్ కింద నల్లటి మచ్చ ఉందంటే అక్కడ తడి దిగిందని అర్థం, చెడిపోయిందని కాదు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే తేమ మీటర్ ఆనించి చూడండి. ఇరవై శాతం లోపుంటే బూజు పెరగదు. ఎక్కువుంటే ఆరబెట్టాలి. పడవ మునగకుండా లోపల కట్టిన గాలి సంచులు ఊది రాత్రంతా వదిలేసి, పొద్దున ఎంత మెత్తబడ్డాయో చూడండి. ఎంటర్‌ప్రైజ్ తిరగబడితే బోలెడు నీరు ఎక్కుతుంది. మళ్ళీ లేచి రేసులో ఉండాలంటే ఆ సంచులే దిక్కు.

చెడిన చోటు దొరికాక చేసే పని బ్రహ్మవిద్యేమీ కాదు. చీకిన ముక్క చుట్టూ గట్టి చెక్క వచ్చేదాకా కోసెయ్యాలి. పలక మందానికి ఎనిమిది రెట్లు పొడవుండేలా వాలుగా చెక్కి, కొత్త మెరైన్ ప్లైవుడ్‌ని అదే వాలుతో ఎపాక్సీ పెట్టి అతికించాలి. సరిగా చేసిన వాలు అతుకు మొదటి చెక్క అంత బలంగా ఉంటుంది. చలిలో ఎపాక్సీ గట్టిపడదు, అందుకని గ్యారేజిలో హీటర్ పెట్టుకుని చెయ్యండి, లేకపోతే ఏప్రిల్ దాకా ఆగండి. వార్నిష్ మొదటి పూత బాగా పల్చగా చేసి తాగించి, ఆ పైన పూత పూతకీ సన్న ఇసుక కాగితం రుద్దుతూ వెయ్యాలి. ఊళ్ళో వడ్రంగి పని చూసి పెరిగిన వాళ్ళకి ఇదంతా తెలిసిన వాసనే. నా పడవ వెనక పలక మూల నేను మార్చిన చోట రంగు తేడా ఇప్పటికీ కనిపిస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు గర్వంగానే ఉంటుంది. ఎండి, బరువు తగ్గి, తాళ్ళు కొత్తవి పడిన ఎంటర్‌ప్రైజ్ నీళ్ళలో ముసలిదని తెలియదు. లేజర్‌లా కాకుండా ఇందులో తాళ్ళు, వాటిని పట్టి ఉంచే క్లీట్లు మీ చేతికి అందేలా మీ ఇష్టం వచ్చినట్టు అమర్చుకోవచ్చు కూడా.

డబ్బు విషయంలో మోసపోవద్దు. కొనేది తక్కువకే. అసలు ఖర్చు తెరచాపల్లో. ఎంటర్‌ప్రైజ్‌కి రెండు కావాలి, లేజర్‌కి ఒకటి. ఈ రెండిట్లో ఏదైనా సరే, సాగిపోయిన చాపతో రేసుకి దిగొద్దు. మీరు పడవలో పెట్టగలిగిన డబ్బంతా పోగేసి సగం హల్‌కి, సగం చాపలకి అనుకోండి.

వేరేవీ అడుగుతారు. సోలో మంచి పడవే, అదీ జాక్ హోల్ట్‌దే, 1956దే, కాస్త వయసొచ్చిన ఒంటరి వాళ్ళకి. కానీ మంచివి చవగ్గా దొరకవు. జీపీ14 బరువైనది, కుటుంబంతో షికారుకి బాగుంటుంది. మిర్రర్ పిల్లలకి. టాపర్ కూడా పిల్లలకే. అంతే.

ఇక ఎవరికి ఏది. షిఫ్టు డ్యూటీలు చేసే డాక్టర్లు, నర్సులు, ఏ ఆదివారం ఖాళీ దొరుకుతుందో ముందు తెలియనివాళ్ళు లేజరే తీసుకోండి. కానీ చవకైనది కాదు. ఇంకో వెయ్యి పౌండ్లయినా కూడబెట్టుకుని, బొటనవేలికి లొంగని డెక్కున్నది, క్లబ్బు పడవగా కాకుండా ఒక్కరి చేతిలోనే ఉన్నది కొనండి. మీ క్లబ్బులో పది లేజర్లు ఒకేసారి బయల్దేరుతుంటే కూడా లేజరే. హ్యాండిక్యాప్ లెక్క లేకుండా పక్కవాడి కంటే ముందున్నానా వెనకున్నానా అని అక్కడికక్కడే తెలిసే రేసు రుచి వేరు. మిగతావాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో ఇంకొకళ్ళకి ఆసక్తి ఉండి, ఒక గ్యారేజీ, చలికాలపు సాయంత్రాలు చేతిలో ఉన్నవాళ్ళు కొయ్య ఎంటర్‌ప్రైజ్ కొనండి. ఫైబర్‌ది దొరికినా తప్పు లేదు గానీ, పాతవాటిలో నాకు కొయ్యదే నచ్చుతుంది. దానికేమైందో దాచుకోదు కాబట్టి.

కొన్నాక మొదట కొనాల్సింది తెరచాప కాదు, మంచి కవరు. తెరచాప కింది అంచు కట్టే అడ్డకొయ్య, అదే బూమ్ మీదుగా డేరాలా వాలుగా నిలబడేది, రెండు చివర్లా గాలి ఆడేది. బల్లపరుపుగా పడి మధ్యలో నీరు పట్టేది వద్దు. ముక్కు భాగం ఎత్తుగా పెట్టండి, వెనక డ్రెయిన్ మూతలు తీసే ఉంచండి, నేల పలకలు విప్పి ఇంటికి తెచ్చుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా పక్షానికొకసారి వెళ్ళి, కవరు ఎత్తి లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి. తడి తగిలితే ఆ రోజే తుడవండి.