తొమ్మిదో ప్రశ్నకు జవాబిస్తే కూపన్ ఇచ్చారు: మెడికోలూ, ఈ రెసిలియెన్స్ కోర్సులతో జాగ్రత్త

మెడిసిన్ చదివేవాళ్లకు రెసిలియెన్స్, అంటే ఒత్తిడిని తట్టుకునే మనోధైర్యం పెంచుతామంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక కోర్సు గురించి ఈ పోస్టు. పేరు రాయడం లేదు. ఇదే మూసలో ఇంకా చాలా వస్తున్నాయి, కొనేముందు ఏం అడగాలో తెలిస్తే అన్నిటికీ పనికొస్తుంది.

మా బ్యాచ్‌లో కొందరం కలిసి గ్రూప్ డిస్కౌంట్‌లో తీసుకున్నాం. సైకియాట్రిస్టులు తయారుచేసిన కోర్సు, సైకాలజిస్టుతో లైవ్ సెషన్లు, చివర్లో సర్టిఫికెట్, రెసిలియెన్స్ స్కోరు పెరగకపోతే డబ్బు వాపస్ అని ప్రకటన. తీరా చూస్తే అన్నీ రికార్డు చేసిన వీడియోలు, శ్వాస వ్యాయామాల ఆడియోలు, పాజిటివ్‌గా ఆలోచించండి అని తిప్పితిప్పి చెప్పే స్లైడ్లు. లైవ్ సెషన్ అంటే కిక్కిరిసిన వెబినార్, మన మైకులన్నీ మ్యూట్‌లోనే. నైట్ డ్యూటీ నుంచి తూలుతూ వచ్చినవాళ్లకు నిద్ర ఎంత ముఖ్యమో చెప్పే వీడియో కూడా ఉంది! ఇంతవరకే అయితే డబ్బులు పోయాయి అనుకుని ఊరుకునేవాళ్లమే.

అసలు సంగతి కోర్సు మొదట్లో ఇచ్చే ప్రశ్నావళి. సైకియాట్రీ పోస్టింగ్ చేసినవాళ్లు చూడగానే గుర్తుపడతారు, అది డిప్రెషన్ ఉందేమో చూడటానికి వాడే పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. స్కోరు 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరు కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలి. అది స్క్రీనింగ్ మాత్రమే, డయాగ్నోసిస్ చేయాల్సింది మనిషే. ఇక తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతుంది. మొత్తం స్కోరు ఎంత తక్కువున్నా సరే, దీనికి సున్నా తప్ప ఇంకేం వచ్చినా పేషెంటును మాట్లాడకుండా పంపకూడదని వార్డులో మనకు నేర్పుతారు.

మా బ్యాచ్‌లో ఒకరు ఆ ప్రశ్నకు ‘దాదాపు ప్రతిరోజూ’ అని నొక్కారు. వెంటనే స్క్రీన్ మీద ‘నిజాయితీగా జవాబిచ్చినందుకు అభినందనలు! తర్వాతి మాడ్యూల్ మీకోసం సిద్ధం’ అని వచ్చింది. దాని కింద ప్రీమియం ప్లాన్‌కు కూపన్. ఎవరూ ఫోన్ చేయలేదు. మెయిల్ లేదు. కనీసం ఒక హెల్ప్‌లైన్ నంబరు కూడా చూపించలేదు. తను ఒక సీనియర్ దగ్గర నోరు విప్పబట్టి, ఆ సీనియర్ పట్టుబట్టి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లబట్టి సరిపోయింది. ఇప్పుడు చికిత్స తీసుకుంటూ కోలుకుంటున్నారు. ఈ సంగతి రాయమని చెప్పింది కూడా తనే.

సపోర్ట్ వాళ్లను నిలదీస్తే ‘మాది వెల్‌నెస్ కోర్సు, క్లినికల్ సేవ కాదు, నిబంధనల్లో రాసే ఉంది’ అన్నారు. మరి క్లినిక్‌లో అడగాల్సిన ప్రశ్న మీరెందుకు అడిగినట్టు? జవాబు చదివే మనిషి లేనప్పుడు ఆ ప్రశ్న అడగడమే తప్పు. చెప్పుకున్నా ఎవరూ పట్టించుకోరని ఇప్పటికే అనుకుంటున్న మనిషికి అదే నిజమని చూపించినట్టయింది.

వాళ్లకు తెలియక జరిగిందంటే నేను నమ్మను. 2016లో జామా అనే వైద్య పత్రికలో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. వివిధ దేశాల వైద్య విద్యార్థుల్లో 27.2 శాతం మందిలో డిప్రెషన్ లేదా దాని లక్షణాలు, 11.1 శాతం మందిలో ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయని తేల్చింది. ఈ 27.2 అంకె వాళ్ల ప్రకటనలోనే పెద్ద అక్షరాల్లో ఉంది. అదే పేపర్‌లో ఇంకో అంకె ఉంది. స్క్రీనింగ్‌లో డిప్రెషన్ ఉన్నట్టు తేలినవాళ్లలో చికిత్స కోసం వెళ్లింది 15.7 శాతమే. దాన్ని మాత్రం ఎక్కడా వేయలేదు.

రెసిలియెన్స్ స్కోరు పెరగడం వెనక కిటుకు కూడా చెప్పాలి. ఆ స్కోరు కోసం మొదటి పరీక్ష కాలేజీ ఎగ్జామ్స్ ముందు పెట్టారు, చివరిది ఎగ్జామ్స్ అయిపోయాక. ఏ కోర్సూ చేయకపోయినా అప్పటికి టెన్షన్ తగ్గుతుంది కదా. పైగా రెండు పరీక్షల్లో ప్రశ్నలు ఒకటి కావు. చివరిదాంట్లో ‘ఈ కోర్సు వల్ల నాకు ధైర్యం వచ్చింది’ అన్న వాక్యానికి మార్కులు వేయమంటారు. రెసిలియెన్స్ కొలవడానికి పరీక్షించి చూసిన స్కేళ్లు ఉన్నాయి. 2003లో వచ్చిన కానర్-డేవిడ్‌సన్ స్కేలులో 25 అంశాలు, 2008 నాటి బ్రీఫ్ రెసిలియెన్స్ స్కేలులో 6. ఏ స్కేలు వాడుతున్నారు, ముందూ తర్వాతా అదేనా అని అడగండి. మా కోర్సు వాళ్లు ‘సొంతంగా రూపొందించినది’ అన్నారు.

ఆన్‌లైన్ శిక్షణంతా దండగ అనడం లేదు. 2015లో జామా సైకియాట్రీలో వచ్చిన ఒక ట్రయల్‌లో ఇంటర్న్‌షిప్ మొదలయ్యే ముందు కొత్త డాక్టర్లకు వారానికి అరగంట చొప్పున నాలుగు వారాలు వెబ్ ద్వారా సీబీటీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స) ఇచ్చారు. ఆ తర్వాత ఏడాదిలో ఆత్మహత్య ఆలోచనలు వచ్చినట్టు చెప్పినవాళ్లు ఆ గ్రూపులో 12 శాతం, పోలిక కోసం పెట్టిన గ్రూపులో 21 శాతం. ఇంకోపక్క, ఆరోగ్య రంగ విద్యార్థుల రెసిలియెన్స్ శిక్షణల మీద 2020లో వచ్చిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష, ఉన్న ఆధారాల మీద నమ్మకం చాలా తక్కువ స్థాయిలో ఉందని చెప్పింది. కాబట్టి గ్యారంటీ అన్న మాట కనిపిస్తేనే వెనక్కి తగ్గండి.

కొనాలనే ఉంటే డబ్బు కట్టకముందే మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. తొమ్మిదో ప్రశ్న జవాబు ఎవరు చూస్తారు, ఎంతసేపట్లో? సైకాలజిస్టు పేరూ అర్హతలూ ఏమిటి? మన జవాబులు, కోర్సులో రాయించే డైరీ కాలేజీకి వెళ్తాయా? మా కోర్సు నిబంధనల్లో ‘సంస్థలకు సారాంశ నివేదికలు ఇవ్వవచ్చు’ అని ఒక లైను ఉంది. చిన్న బ్యాచ్‌లో సారాంశమంటే ఎవరిదో పోల్చుకోవడం ఎంతసేపు! ఒత్తిడి తట్టుకునే పద్ధతులు మాత్రమే చాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో బొమ్మలతో, ఆడియోలతో విడుదల చేసిన గైడ్ ఉచితంగా దొరుకుతుంది. తొమ్మిదో ప్రశ్నలో అడిగే ఆలోచనలు ఇప్పుడే ఉంటే మాత్రం కోర్సులన్నీ పక్కన పెట్టి ఇవాళే ఒక డాక్టరుకో, నమ్మకమైన మనిషికో నేరుగా చెప్పండి. ఆగలేనట్టుంటే ఎమర్జెన్సీకి వెళ్లండి, మీ డిపార్ట్‌మెంటులో ఎవరేమనుకుంటారో తర్వాత చూసుకోవచ్చు.

రిఫండ్ గురించి ఒక్క మాట. వీడియోలన్నీ చివరిదాకా చూసి, రోజూ డైరీ రాసి, అప్పటికీ వాళ్ల స్కోరు పెరగకపోతేనే ఇస్తారట. ఈలోగా సబ్‌స్క్రిప్షన్ తనంతట తానే రెన్యూ అయింది, బ్యాంకు ద్వారా ఆటో పేమెంట్ ఆపించుకోవాల్సి వచ్చింది. మా డేటా తీసేయమని పంపిన మెయిల్‌కు ఇంకా సమాధానం లేదు. ఇలాంటి చోట ఎవరైనా డేటా తీసేయించుకోగలిగి ఉంటే, ఏమని రాశారో చెప్పండి.