కిటికీ పక్క కుండీకి ఎర్రమట్టా, కొబ్బరి పొట్టా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మాది చిన్న ఫ్లాట్. ఆకుకూరలకు దొరికిన చోటు ఎండ తగిలే కిటికీ గట్టు ఒక్కటే. ఒక కుండీలో ఎర్రమట్టి, ఇంకోదాంట్లో కొబ్బరి పొట్టు నింపాను. రెండింటిలోనూ మూడో వంతు వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి.

ఎర్రమట్టి చవక, వేళ్లకు పట్టు బాగుంటుంది. కానీ బరువు! తడిసిన కుండీని జరపబోతే నడుం పట్టేసింది. పైపొర గట్టిపడి నీళ్లు అంచుల వెంట జారిపోయేవి. (మట్టి కోసం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం కన్నేయకండి, అవి భూవారసత్వ సంపద.)

కొబ్బరి పొట్టు తేలిక. ఇటుకలా నొక్కి అమ్మే 5 కిలోల దిమ్మ నానితే బకెట్లకు బకెట్లు అవుతుంది. అందులో ఉప్పు ఉండొచ్చు, రెండు మూడు సార్లు కడగాలి. నేను కడగలేదు, మెంతి మొలకల అంచులు మాడిపోయాయి. అసలు చిక్కు తేమతోనే. విశాఖ గాలే తడిగాలి. పైన ఆరినట్టు కనిపిస్తుంది, వేలు పెడితే లోపల చెమ్మే. రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది, చిన్న ఈగలు ముసురుతాయి. పొట్టులో సొంత బలమూ తక్కువే, కంపోస్టు మళ్లీ మళ్లీ వేయాలి.

అయినా కొత్తవాళ్లకు పొట్టే మేలంటాను, పావు వంతు ఎర్రమట్టి కలిపి. పుదీనా మాత్రం మట్టి కుండీలోనే హాయిగా ఉంది, దాన్ని కదపలేదు.