కోనసీమలో ఓ ప్రభుత్వ డిపో డీజిల్ ట్యాంకు: కాగితాలు పక్కా, గుంతలో నీళ్లు

జనానికి అమ్మే బంకు కాదిది. శాఖ బండ్లకు మాత్రమే పట్టే పంపు, దాని కింద 20 కిలోలీటర్ల ట్యాంకు. పెట్రోలియం రూల్స్ 2002 కింద పెసో (పేలుడు పదార్థాలు, పెట్రోలియం భద్రత చూసే కేంద్ర సంస్థ) ఇచ్చిన లైసెన్సు ఫ్రేము కట్టి గోడకుంది. నాజిల్‌కు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంది, 5 లీటర్లకు తేడా 25 మిల్లీలీటర్ల లోపే. ట్యాంకులోని గాలి, ఆవిరి పోయే వెంట్ పైపు 4 మీటర్ల ఎత్తుంది, కొసన జాలీ చిరగలేదు. ఇంతవరకూ వంక పెట్టడానికి లేదు.

ట్యాంకు నెత్తినున్న మ్యాన్‌హోల్ గుంత మూత ఎత్తితే జానెడు నీళ్లు, పైన రంగురంగుల తెట్టు. లోడు దింపేటప్పుడు ఒలికిన డీజిలైతే తోడి తుడిచాక మళ్లీ రాదు. తుడిచిన వారానికే వస్తే గాస్కెట్ (మూత కింద అతుకు మూసే రబ్బరు) పోయినట్టు. డీజిల్ బయటికొచ్చే దారే నీళ్లు లోపలికెళ్లే దారి.

రిజిస్టర్లో మాత్రం రోజూ ‘నీరు: నిల్’. నెలల తరబడి ఒకే చేతిరాత, ఒకే సిరా. నీరు తగిలితే రంగు మారే వాటర్ పేస్టు ట్యూబుకు సీలు కూడా తీయలేదు! పెద్ద పనేం కాదు. పొద్దున మొదటి బండికి పట్టకముందే డిప్ రాడ్ (ట్యాంకులో మట్టం కొలిచే కడ్డీ) అడుగున బెత్తెడు మేర పేస్టు పల్చగా రాసి, నిటారుగా దించి, అడుగు తగిలాక అరనిమిషం ఆగి తీయాలి. రంగు మారినంత ఎత్తు నీరున్నట్టు. లోడు దింపగానే కొలిస్తే లెక్క రాదు, నీరు అడుక్కి చేరేదాకా ఆగాలి. 2 మీటర్ల వ్యాసం, 6.5 మీటర్ల పొడవున్న ట్యాంకులో అడుగున 3 సెంటీమీటర్ల నీరంటే సుమారు 60 లీటర్లు. అదే ట్యాంకు సగానికుంటే ఒక్క సెంటీమీటరే 130 లీటర్లు, కాబట్టి రాడ్ వాలిస్తే స్టాకు తప్పుతుంది.

స్టాకులో తగ్గుదలంతా ‘ఆవిరి’ కింద రాసేస్తున్నారు. డీజిల్ అంతలా ఆవిరవదు. ఎండలో వచ్చిన లారీ నుంచి దింపిన 12,000 లీటర్లు భూమిలో 5 డిగ్రీలు చల్లబడితే 50 లీటర్లు కుంచించుకుంటాయి. రిజిస్టర్లో ఉష్ణోగ్రత గడి గీయకపోతే ఏది కుంచించుకున్నదో, ఏది కారిపోయిందో ఎవరూ తేల్చలేరు.

ట్యాంకు ఖాళీ చేసి కడిగే పని వానాకాలంలో పెట్టుకోవడం మరీ దారుణం. డెల్టాలో కాలవలు పారుతున్నప్పుడు రెండడుగులు తవ్వితే తడే. చుట్టూ నీరు నిండితే ఖాళీ ట్యాంకును 20 టన్నుల బలం పైకి నెడుతుంది, ఉక్కు బరువేమో రెండు మూడు టన్నులు. కాంక్రీటు పలకకు కట్టిన పట్టీలు తుప్పుపడితే ట్యాంకు లేచి పైపుల అతుకులు విరుగుతాయి. ఆ పని కాలవలు కట్టేసే వేసవిలోనే కానివ్వాలి.

కాగితాలకు 5కి 4, ట్యాంకుకు 2. మార్చాల్సినవి ఖరీదైనవి కావు: మ్యాన్‌హోల్‌కు నైట్రైల్ రబ్బరు గాస్కెట్ (మామూలు రబ్బరు డీజిల్‌కు ఉబ్బిపోతుంది), ఫిల్ పైపు మూతకు కొత్త వాషర్, గుంత చుట్టూ బెత్తెడు గట్టు. ఇక ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేసరికి, పైకి లేవకుండా ట్యాంకు నిండుగా ఉండాలి. అందుకు ఇండెంటు (డీజిల్ పంపమనే కోరిక పత్రం) భద్రాచలంలో గోదావరి పెరుగుతుండగానే పెట్టాలి, రోడ్లు మునిగాక లారీ రాదు.