ఒక్కళ్ళే ఉన్నప్పుడు బెర్లిన్‌లో సమ్మర్ వీకెండ్: వాన్‌జీ సరస్సా, పోట్స్‌డామా?

జూన్, జూలైల్లో బెర్లిన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే, అంత టైం రూంలో కూర్చుని ఏం చేస్తాం, తోడు ఎవరూ దొరక్కపోతే ఒక్కళ్ళమే పోదాం అనుకున్నప్పుడు అందరూ చెప్పేవి రెండే, వాన్‌జీ లేక్ లేదా పక్క ఊరు పోట్స్‌డామ్. రెండూ ఒకే వైపు, రెండూ ఎస్-బాన్ (లోకల్ రైలు) ఎస్7 లైన్ మీదే. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సుల్లో చెల్లే నెల పాస్, 2026 నుంచి నెలకి 63 యూరోలు) ఉంటే ఛార్జీల గొడవే లేదు, లేనివాళ్ళు మాత్రం పోట్స్‌డామ్‌కి ఏబీసీ టికెట్ (ఏ, బీ, సీ అనేవి ఛార్జీ జోన్లు, పోట్స్‌డామ్ సీలో ఉంది) కొనాలి, బెర్లిన్ సిటీ వరకే చెల్లే ఏబీ టికెట్‌తో వెళ్ళి చెకింగ్‌లో దొరికితే 60 యూరోలు ఫైన్.

లేక్ విషయానికొస్తే, స్ట్రాండ్‌బాడ్ వాన్‌జీ 1907 నుంచి ఉన్న బీచ్, కిలోమీటరు పైనే ఇసుక, ఎంట్రీకి డబ్బులు కట్టాలి, దిగాల్సింది వాన్‌జీ స్టేషన్లో కాదు, దానికి ముందొచ్చే నికోలాస్‌జీలో. ఎఫ్‌కేకే బోర్డు ఉన్న వైపు బట్టల్లేకుండా తిరుగుతుంటారు, కొత్తవాళ్ళు కంగారు పడకండి. నీళ్ళు బానే ఉంటాయి గానీ ఒక్కళ్ళమే వెళ్తే అసలు తలనొప్పి బ్యాగు. ఫోను, పర్సు, రూం తాళాలు, రెసిడెన్స్ పర్మిట్ కార్డు అన్నీ టవల్ కింద దాచి నీళ్ళలోకి దిగితే నిమిషానికోసారి ఒడ్డు వైపు చూడ్డమే సరిపోద్ది, ఇంక ఈదేదెక్కడ. పక్కన కూర్చున్న ఫ్యామిలీకి కాస్త చూస్తుండండి అని చెప్పొచ్చు, కాదనరు కూడా, కానీ వాళ్ళు ఎప్పుడు సర్దుకుని లేస్తారో అని అదో టెన్షన్. అదే ఇద్దరు ముగ్గురు ఉంటే నేను కళ్ళు మూసుకుని లేక్‌నే చెప్తా.

పోట్స్‌డామ్‌లో ఈ బాధ లేదు, బ్యాగు భుజానే ఉంటుంది. మెయిన్ స్టేషన్ నుంచి 695 బస్సెక్కితే సాన్‌సూసీ ప్యాలెస్ దగ్గర దింపుద్ది. 1745-47లో ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) రాజు ఫ్రెడరిక్ ద గ్రేట్ కట్టించుకున్న వేసవి విడిది, చిన్నదే, లోపలికి టైం స్లాట్ టికెట్ ఉంటుంది, వీకెండ్ అయితే ముందే ఆన్‌లైన్‌లో తీస్కోండి, సోమవారం మూసేస్తారు. నిజానికి లోపలికి వెళ్ళకపోయినా నష్టం లేదు, ద్రాక్ష తీగల మెట్లు, పార్కు అంతా ఫ్రీ, పార్కు అవతలి చివరున్న నోయెస్ పలే అనే ఇంకో ప్యాలెస్ దాకా చెట్ల నీడలో తీరిగ్గా నడవొచ్చు. పైన ప్యాలెస్ పక్కనే రాజుగారి సమాధి, ఒట్టి రాతి పలక, దాని మీద జనం పువ్వులతో పాటు ఆలుగడ్డలు పెట్టి పోతారు, ప్రష్యాలో రైతుల చేత ఆలు పండించమని ఆర్డరేసింది ఈయనే మరి. తన కుక్కల పక్కనే పూడ్చమన్నాడట, 1786లో పోతే ఆ కోరిక తీరింది 1991లో!

ఆదివారం వెళ్ళేవాళ్ళు శనివారమే పులిహోరో బ్రెడ్డో, నీళ్ళో సర్దుకోండి, సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ బంద్. ఖాళీ ప్లాస్టిక్ బాటిల్ పారేయకండి, మామూలుగా ఒక్కోదానికి 25 సెంట్లు ఫాండ్ (కొన్నప్పుడు కట్టిన డిపాజిట్) వెనక్కొస్తుంది.

కాబట్టి ఒక్కళ్ళే అయితే నా ఓటు పోట్స్‌డామ్‌కే. నీళ్ళు చూడలేదే అనిపిస్తే తిరుగు ప్రయాణంలో అదే ఎస్7 వాన్‌జీలో ఆగుతుంది, దిగి ఎఫ్10 బోటెక్కి అవతలి ఒడ్డున ఉన్న క్లాడో దాకా పోయి రండి, 20 నిమిషాలు పడుతుంది, మామూలు సిటీ టికెట్టే చెల్లుతుంది. గంటకొక్కటే బోటు, ఎండ కాస్తే లైను చాంతాడంత, తిరిగొచ్చే ఆఖరి బోటు టైం మాత్రం ఎక్కకముందే చూస్కోండి.