సీబాసా, టైప్ 3 క్రిస్పరా: ఏది మేలు?

బెంగళూరు మత్తికెరె పీజీల్లో ఉంటూ ఎం.ఎస్సీ చదివే మన తెలుగు పిల్లలు, సెమినార్ల టైమ్ వస్తే చాలు, ఇదే అడుగుతారు: "అక్కా, సీబాస్ తీసుకోమంటారా, టైప్ 3 క్రిస్పర్ తీసుకోమంటారా?"

రెండూ వైరస్‌ల నుంచి బ్యాక్టీరియా తనని కాపాడుకునే ఏర్పాట్లే, పైకి ఒకటే. ఫేజ్ (బ్యాక్టీరియాకి సోకే వైరస్) చొరబడిందని తెలియగానే బ్యాక్టీరియా ఉంగరంలాంటి చిన్న న్యూక్లియోటైడ్‌ని (ఆర్ఎన్ఏ ఇటుకల్లాంటి అణువుని) తయారుచేస్తుంది. అది అలారంలా వెళ్లి ఇంకో ప్రోటీన్‌ని నిద్రలేపుతుంది. నా లెక్కలో తేల్చేది ఒక్కటే: మోగిన అలారంని ఆపేదెవరు?

సీబాస్ సంగతి చూడండి. 2019లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త సొరెక్ బృందం చూపించినట్టు, సీగ్యాంప్ అనే ఉంగరం తగిలిన ఫాస్ఫోలైపేజ్ (కొవ్వుల్ని కోసే ఎంజైమ్) సొంత కణం పొరనే కొరికేస్తుంది. కొత్త ఫేజులు తయారయ్యేలోపే కణం చస్తుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే, కాకపోతే పక్కిళ్లు దక్కుతాయి. కొన్ని సీబాస్‌లలో ట్రిప్13 అనే ప్రోటీన్ తొందరపడి మోగనివ్వదు, నిజమే. కానీ పొర తెగాక వెనక్కి రావడం కష్టం. సీబాస్‌కి ఉన్న గొప్ప సుగుణం, శత్రువుని ముందెప్పుడూ చూసి ఉండక్కర్లేదు. పైగా మన కణాల్లోని వైరస్ అలారం సీగ్యాస్-స్టింగ్ దీనికి చుట్టమే, మీ గైడ్ ఇమ్యునాలజీ మనిషైతే ఇదే తీసుకోండి.

నా ఓటు మాత్రం టైప్ 3కి. వైరస్ ఆర్ఎన్ఏ, దాన్ని గుర్తుపట్టే గైడ్ ఆర్ఎన్ఏకి అతుక్కున్నంతసేపే క్యాస్10 అనే ప్రోటీన్ ఉంగరాలు చేస్తుంది. ఆ ఆర్ఎన్ఏ తెగి ఊడిపోతే తయారీ బంద్. అప్పటికే పుట్టిన ఉంగరాల్ని కోసేసే రింగ్ న్యూక్లియేజులు ఉన్నాయని 2018లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ వాళ్లు సల్ఫోలోబస్ అనే సూక్ష్మజీవిలో పట్టుకున్నారు. ఉంగరం తగిలిన సీఎస్ఎం6 అనే ఎంజైమ్ దొరికిన ఆర్ఎన్ఏనల్లా నరుకుతుంది, సొంతదైనా సరే, అందుకని ఎదుగుదల ఆగుతుంది. అయితే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్‌తో (బయటి నుంచి చేరే చిన్న డీఎన్ఏ చుట్టతో) చేసిన ప్రయోగంలో, ప్లాస్మిడ్ పోయాక కణాలు మళ్లీ పెరిగాయి. చావకుండా గెలవడమంటే ఇదీ! చిక్కల్లా జ్ఞాపకంతోనే: స్పేసర్ (పాత శత్రువు నుంచి దాచుకున్న డీఎన్ఏ ముక్క) లేకపోతే టైప్ 3కి శత్రువెవరో తెలీదు.

ఫేజులూ తక్కువ తినలేదు. టైప్ 3 ఉంగరాల్ని కోసే వైరల్ న్యూక్లియేజ్ 2020లో, సీబాస్‌వి కోసే ఏసీబీ1 అనే ఫేజ్ ప్రోటీన్ 2022లో బయటపడ్డాయి. ఈ విషయంలో సరికి సరి.

థోయెరిస్, పిక్సార్ అనే మిగతా రక్షణ ఏర్పాట్ల మాటేమిటంటారా? మొదటిది కణం బతకడానికి కావాల్సిన ఎన్ఏడీ అనే అణువుని ఖాళీ చేయిస్తుంది, రెండోది సైక్లిక్ సీఎంపీ, యూఎంపీ అనే ఉంగరాలతో నడుస్తుంది. చెరో బ్యాకప్ స్లైడ్ చాలు.