వెనక్కి తిప్పి చూస్తేనే నగ

ఊరు చూడటానికని పెట్టుకున్న మూడు రోజుల్లో ఒక పూట మొత్తం ఒక చిన్న పాత నగల కొట్లోనే గడిచిపోయింది. మేం దిగిన గెస్ట్‌హౌస్ వెనక సందులో, మేడ మీద ఉంది. మెట్లు బాగా నిటారుగా ఉన్నాయి, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

ముందు రోజు ఒక పెద్ద షోరూంకి వెళ్లొచ్చాం. అక్కడ అన్నీ అద్దాల వెనకే. కొంటామంటేనే తాళం తీస్తామన్నట్టు చూశారు. పైగా ప్రతి చీటీ మీదా 'యాంటిక్' అన్న మాటే. మామూలుగా వందేళ్లు దాటినవాటినే అలా అంటారు. ఇరవై ఏళ్లు దాటితే వింటేజ్. ఆ ఒక్క మాటకే మనం ఎంతో ఎక్కువ కట్టేస్తాం.

ఇక్కడ యజమానురాలు ట్రే తెచ్చి బల్ల మీద పెట్టి, పక్కనే ఒక భూతద్దం ఉంచి, "నిదానంగా చూసుకోండి" అని తన పనిలో తాను పడిపోయింది. నాకు నచ్చింది అదే. పాత నగల సంగతి ముందువైపు కన్నా వెనకవైపే ఎక్కువ తెలుస్తుంది. ఒక లాకెట్ వెనక 925 అని ఉంది. అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. అచ్చం అలాగే మెరుస్తున్న చిన్న చెంచా మీద ఈపీఎన్ఎస్ అన్న అక్షరాలున్నాయి. అది నికెల్ కలిసిన లోహం మీద వెండి పూత, అంతే. రోల్డ్ గోల్డ్ గొలుసు కొక్కెం దగ్గర 1/20 12కె అని చెక్కారు. అంటే బరువులో ఇరవయ్యో వంతు 12 క్యారెట్ల బంగారం. ఈ మూడూ ఆమె ఒకే ట్రేలో కలిపి పెట్టినా, ధరలు మాత్రం తేడా తెలిసే వేసింది.

నేను చాలాసేపు చేతిలో పట్టుకు కూర్చున్నది ఒక పిట్ట బ్రోచ్, అంటే బట్టలకి గుచ్చుకునే నగ. పిన్ను పిట్ట తోక దాటి బయటికొచ్చేంత పొడవు, దాన్ని పట్టే కొక్కేనికి తాళం లేదు. పాతదే అనిపించింది. కొక్కెం లోపల సన్నగా పచ్చటి చిలుము. రెక్కలోని గాజు రాయి ఒకటి నల్లబడింది. ఇలాంటి రాళ్లకి వెనక రేకు అంటించి ఉంటుంది, లోపలికి తడి దిగితే మెరుపు చచ్చిపోతుంది, మళ్లీ రాదు. అడగకుండానే ఆమే ఆ సంగతి చెప్పి ధర తగ్గించింది. అది బహుమతికి పనికిరాదు గానీ నాకు పర్వాలేదని తీసుకున్నా.

ఒక చేతి గాజు చీటీ మీద 'బేకలైట్' అని రాసి ఉంది. 1907లో బేక్‌లాండ్ కనిపెట్టిన ప్లాస్టిక్ అది. వేడెక్కేదాకా బొటనవేలితో రుద్దితే ఘాటైన మందు వాసన రావాలి. ఎంత రుద్దినా రాలేదు. ఆ మాట చెబితే ఆమె కూడా రుద్ది, వాసన చూసి, చీటీ చించేసింది. పెద్ద షోరూంలో అయితే నన్నే చించేసేవాళ్లు.

చెల్లికి క్లిప్ కమ్మలు తీసుకున్నా. చెవులు కుట్టించుకోని దానికి అవే దిక్కు. అయితే పెట్టుకుని కాసేపు అద్దం ముందు తిరగండి, కొన్ని క్లిప్పులు పీకేస్తాయి. ఉంగరాల జోలికి పోలేదు. కొలత తెలియకుండా కొనడం దండగ, చుట్టూ రాళ్లున్నదాన్ని సాగదీయడం కూడా కష్టం.

లోటు లేదని కాదు. కార్డు మెషిన్ మొరాయించింది. కమ్మలు వాపసు తీసుకోరు. బిల్లు మీద ఉత్త 'నగ' అని రాస్తే, అడిగి లాకెట్‌కి '925 వెండి' అని రాయించుకున్నా. మీరూ రాయించుకోండి.

రాత్రి గదిలో పొట్లం విప్పితే ఒక కమ్మలోంచి రాయి ఊడి దూదిలో పడి ఉంది. మర్నాడు ఆమె కొట్టు తెరిచేలోపే మా బస్సు. ఆ రాయి ఇంకా నా పర్సులో చిల్లర మధ్యే తిరుగుతోంది.